తాళం వేసి ఉన్న ఇళ్లు

తెనాలి కాలేజీలో వలసలు, పౌరసత్వం మీద సెమినారు. నా పేపరు పూర్తికాగానే హాలంతా చప్పట్లు మోగాయి.

అడవులదీవి పక్కనున్న ఒక పేటలో నలభై ఒక్క కుటుంబాలు వలసపోయి ఓటు పోగొట్టుకున్నాయని చెప్పాను. అందుకు ఆధారం, 2003లో ఓటర్ల జాబితా సవరణకు వెళ్లిన టీచరు రాసిన కాగితాలు. ప్రతి ఇంటి నంబరు ఎదురుగా "తాళం వేసి ఉంది" అని ఒకటే మాట.

ఆ పేట నుంచే పిలిపించిన నాంచారమ్మకు అధ్యక్షులవారు మైకు ఇచ్చారు. "ఎక్కడికి వలసపోయారో చెప్పమ్మా."

"మేం ఎక్కడికీ పోలేదండి" అందామె. "ఓటెయ్యడానికి పోతే పేర్లు లేవన్నారు. ఎందుకో ఇప్పుడు ఈ సారు చదివితే తెలిసింది. మాయి తాటాకు గుడిసెలండి. తడిక అడ్డం పెట్టుకుంటాం. తాళం ఎక్కడ ఏస్తామండీ?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. నేను తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాను.

భోజనాల దగ్గర ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. రెండు చేతులూ జోడించింది.

"మా గురించి ఇంత రాశారు సార్. ఆ రోజు ఆ టీచర్ని కాకుండా మీలాంటోరిని పంపించుంటే మా పేర్లు పోయేవి కాదండి."

నన్నే పంపించారు. వాన పడుతోందని పేట దాకా పోకుండా, రేపల్లె బస్టాండులో టీకొట్టు బల్ల మీద కూర్చుని నలభై ఒక్క ఇళ్లకూ తాళాలు వేసి వచ్చాను.

"అవునమ్మా" అన్నాను.