సిలికాన్ టేపు

"పైపు బాగా తుడువమ్మాయ్. తడి ఉంటే ఈ టేపు పట్టదు," అంది అత్తయ్య, వాషింగ్ మెషిన్ పైపును రెండు చేతులా పట్టుకుని.

తుడిచాక కనబడింది. అది పగులు కాదు, కత్తి గాటు.

రేపటి నుంచి నేను కుట్టుపనికి వెళ్లాలి. బట్టల ఉతుకుడంతా మెషినే చూసుకుంటేనే వెళ్లమన్నారు ఆయన. ఈ నీళ్లు ఆగకపోతే ఆ మాటా పోతుంది.

"మీరే కోశారా అత్తయ్యా?"

"నేనే కోసుంటే ఈ నీళ్లలో కూర్చుని పట్టుకుంటానా, పిచ్చిమొహమా? సాగదీసి చుట్టు. సాగితేనే దానికదే అతుక్కుంటుంది."

పళ్లబిగువున సాగదీసి చుట్టాను. కుళాయి తిప్పితే గాటు దగ్గర చుక్క కారలేదు. పాపను చంకనేసుకుని, "ఏవండీ, ఆగిపోయింది!" అని కేకేశాను.

ఆయన వచ్చి పైపు చూశారు. ముఖం మాడిపోయింది. అత్తయ్య ఒక్క క్షణం కొడుకు వైపు చూసి, తల దించుకుంది.

అప్పుడర్థమైంది నాకు.

"భలే చుట్టావే," అన్నారాయన, నా చంకలోంచి పాపను అందుకుంటూ. "మరి రేపు ఈ మెషిన్ వైరు తెగితే ఏం చుడతావ్?"

అని, పాప నుదుటి మీద ముద్దు పెట్టారు.