ఏడు గుండ్రాలు

డబ్బా మెట్ల మీద ఉంది.

పొద్దున కిటికీలో పెట్టి వెళ్లిన చిక్కుడు పాదు, డబ్బాతో సహా గది బయట, వచ్చేపోయేవాళ్ల కాళ్లకి తగిలేలా ఉంది. ముసలమ్మకి ఒళ్లు మండింది.

“చూశావుటే? ఇది ఆ గుడ్లగూబ పనే,” అంది కోడలితో.

గుడ్లగూబ అంటే వాళ్ల గదిలో పగలు పడుకునే మనిషి.

యుద్ధం వచ్చాక పట్నంలో గది దొరకడమే గగనమైపోయింది. ఇంటావిడ ఒకే గదిని ఇద్దరికి అద్దెకిచ్చింది. రాత్రి ముసలమ్మకీ, కొడుక్కీ, కోడలికీ. పగలు, రాత్రి డ్యూటీ చేసి వచ్చే అతనికి. వీళ్లు వెళ్లాక అతను వస్తాడు, వీళ్లు వచ్చేలోగా వెళ్లిపోతాడు. ముఖం చూసిన పాపాన పోలేదు.

“పోనీలేమ్మా, రాత్రంతా కొలిమి దగ్గర నిలబడి వచ్చే మనిషి,” అన్నాడు కొడుకు.

“నిలబడితే? నా పాదు వీధిలో పెడతాడా?”

ఆ పాదు మామూలు పాదు కాదు. పొలాన్ని సర్కారు విమానాల మైదానానికి తీసుకున్నప్పుడు, సామాను బండికెత్తే హడావిడిలో విత్తనాల మూట వానకి తడిసింది. బూజు పట్టగా మిగిలినవి మూడు గింజలు. పెళ్లయి వచ్చేటప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన చిక్కుడు అది. నలభై ఏళ్లు ఏటా నాటింది, ఏటా విత్తనం తీసింది. మూడింటిలో మొలిచింది ఒక్కటే.

“పట్నంలో చిక్కుళ్లు దొరకవా అత్తయ్యా?” అంది కోడలు.

“దొరుకుతాయి. మా అమ్మవి దొరకవు.”

ముగ్గురూ సైనికుల దుస్తులు కుట్టే ఫ్యాక్టరీలో పని చేసేవాళ్లు. ముసలమ్మ గుండీలు కుట్టేది. సాయంత్రం గదికి రాగానే డబ్బాలో నీళ్లు పోసి, తడిసిన మట్టి వాసన చూసేది. ఆ కాసేపూ పొలంలో ఉన్నట్టే ఉండేది. పొలం మీద ఆమెకి అంత బెంగ.

పాదు మాత్రం బాగా ఎదిగింది. పూత కూడా పట్టింది.

“నా చెయ్యి అలాంటిది,” అనుకుంది ముసలమ్మ.

గుడ్లగూబ మీద కోపం రోజుకో కారణంతో పెరిగింది. పరిచి వెళ్లిన పక్క నలిగేది కాదు. గదిలో ఉన్న పీట మాత్రం రోజూ కిటికీ పక్కకి జరిగి ఉండేది.

“మన పక్క మీద పడుకుంటే దొరగారికి మైల కాబోలు,” అంది.

నేల మీద సుద్దతో గుండ్రాలు గీసేవాడు. ఏడు. కిటికీ దగ్గర మొదలై గుమ్మం దాకా. ఒంటరిగా ఏం ఆట ఆడుకుంటాడో గానీ, ఆమె రోజూ తుడిచేది. మర్నాటికి మళ్లీ ఉండేవి.

ఒకరోజు గుండ్రాలు చెరగలేదు. మేకుతో గీశాడు.

ముసలమ్మ గబగబా మెట్లు దిగి ఇంటావిడ దగ్గరికి వెళ్లింది.

“గదిలో మేముండాలా, అతనుండాలా తేల్చు.”

“మంచివాడేనమ్మా.”

“మంచివాడు నేల గీకుతాడా?”

ముగ్గురిచ్చే అద్దె ముందు ఒక్కడిదెంత? ఆ వారంలోనే అతను మూట సర్దుకున్నాడు. ఎందుకని కూడా అడగలేదట.

అతని చోట్లోకి వచ్చినవాడు కిటికీకి నల్ల కాగితం అంటించుకుని, పక్క మీద హాయిగా నిద్రపోయేవాడు. గీతల్లేవు, గొడవల్లేవు.

పది రోజులకి పాదు ఆకులు పసుపెక్కాయి. పూత రాలింది. ఒకే ఒక్క పిందె మిగిలింది.

ముసలమ్మ నీళ్లు ఎక్కువ పోసింది. తర్వాత తక్కువ పోసింది. ఏం చేసినా పాదు తేరుకోలేదు. దాన్ని చూసినప్పుడల్లా వాళ్లమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

అంతలో గుడ్డ సరుకు రాక ఫ్యాక్టరీకి ఒకరోజు సెలవిచ్చారు. కొత్తవాడు కూడా ఊరెళ్లాడు. పట్నం వచ్చాక ముసలమ్మ ఆ గదిని పగటిపూట చూడటం అదే మొదలు.

నల్ల కాగితం తీసింది. ఎండ లేదు.

ఎదురుగా నాలుగంతస్తుల గోడ. ఊళ్లో మొక్కని నాటితే చాలు, ఎండ దానంతటదే వచ్చేది. ఎండ దొరకని చోటంటూ ఒకటుంటుందని ఆమెకి తట్టనేలేదు.

తొమ్మిది దాటాక, గోడ సందులోంచి జానెడు ఎండ గదిలోకి దిగింది. సరిగ్గా మొదటి గుండ్రంలో పడింది.

ముసలమ్మ చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి ఎండ జరిగి రెండో గుండ్రంలోకి వెళ్లింది.

డబ్బా తెచ్చి అందులో పెట్టింది. దాని అడుగు గీతకి అతికినట్టు సరిపోయింది.

మూడు. నాలుగు. గంటకోసారి లేచి జరుపుతూ, మధ్యలో ఆ పీట మీదే కూర్చుంది. రెండుసార్లు కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచింది. పీట మీద కూర్చుని ఎవరికీ గాఢనిద్ర పట్టదు.

ఏడో గుండ్రం గుమ్మం దగ్గర. అది కూడా దాటాక ఎండ మెట్ల మీద పడింది, ఆ రోజు డబ్బా ఉన్న చోటే.

ముసలమ్మ కాళ్లీడ్చుకుంటూ కిందికి దిగింది.

“అతనెక్కడికెళ్లాడు?”

“తెలీదమ్మా. రాత్రి పనిలో కునుకుతున్నాడని కొలిమి నుంచి కూడా తీసేశారు,” అంది ఇంటావిడ.

“వెళ్తూ ఏమైనా అన్నాడా?”



“అన్నాడు. నువ్వు కోపంగా ఉన్నావని నీకు చెప్పలేదు. పాదు కాస్తే విత్తనానికి ఒక్క గింజ నిన్నడిగి ఉంచమన్నాడు. నీకెందుకయ్యా అంటే, ‘నేనూ రైతునేనమ్మా, యుద్ధమయ్యాక నా పొలం నాకు తిరిగిస్తే నాటుకోవడానికి నా దగ్గర ఒక్క గింజ కూడా లేదు’ అన్నాడు.”