నాలుగో రూపం

"తిప్పకండి! అసలు ముట్టుకోకండి!"

పాత బొమ్మలకు వెల కట్టే పెద్దాయన ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు. బల్ల మీద, మెత్తని తువ్వాలు మడతల మధ్య జానెడు రోబో ఉంది. దాన్ని తెచ్చినామె కుర్చీలోంచి సగం లేచి నిలబడింది. ఆమె భర్త మాత్రం కిటికీ వైపు చూస్తున్నాడు.

"రోగిని తీసుకొచ్చి నాడి పట్టుకోవద్దంటే ఎలాగమ్మా?" అంటూ నవ్వాడు పెద్దాయన. "ఇది రూపాలు మార్చే బొమ్మ. మనిషి, లారీ, పక్షి. మూడూ తిప్పి చూస్తేనే కదా కీళ్లు ఎలా ఉన్నాయో తెలిసేది? వెల ఆ తర్వాత."

"వెల అక్కర్లేదండీ. అమ్మడానికి తేలేదు. ఇప్పుడున్న ఈ రూపం ఏంటో చెప్పండి, చాలు."

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. మనిషి కాదు, లారీ కాదు, పక్షీ కాదు. ఒక రెక్క ఛాతీ మీదికి వాలి ఉంది. తల లోపలికి ముడుచుకుపోయింది. ఒక కాలు మడతపడి ఉంటే రెండోది చాచి ఉంది.

"సగంలో వదిలేసినట్టున్నారమ్మా."

"సగంలో కాదండీ. మా పాప చేసింది. ఆపరేషన్‌కి బయల్దేరేటప్పుడు దీన్ని బీరువా మీద పెట్టి, 'నేనొచ్చేలోపు ఇదేంటో కనిపెట్టమ్మా' అంది. సంచులు సర్దే హడావిడిలో నేను అటు సరిగా చూడనైనా లేదు." ఆమె తువ్వాలు అంచు సరిచేసింది. "పాప తిరిగి రాలేదు. పదకొండు నెలలైంది. ఇదేంటో తెలిస్తే దానికి జవాబు చెప్పినట్టుంటుంది."

"పద ఇంటికెళ్దామని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నాను," అన్నాడు భర్త, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే. "చిన్నపిల్ల ఆట. దానికి అర్థమేముంటుంది?"

"మీరు కాసేపు ఊరుకోండి. ఆయన చూస్తున్నారుగా."

పెద్దాయన దీపం దగ్గరికి లాక్కుని భూతద్దం తీశాడు. చూసేకొద్దీ ఆయన మొహంలో నవ్వు తగ్గిపోయింది. భుజం అంచు నలిగి ఉంది. రెక్క మొదట్లో ప్లాస్టిక్ మీద సన్నని తెల్లటి గీత. గట్టి నేల మీద పడితే తప్ప అలాంటి గీత రాదు. మోకాలి పిన్ను తన రంధ్రంలో కాకుండా పక్క రంధ్రంలో దిగి ఉంది. అంత బిగువుగా దిగాలంటే పెద్దవాళ్ల బొటనవేలు కావాలి. చిన్నపిల్ల వేళ్లతో అయ్యే పని కాదు.

ఆయన తల ఎత్తాడు. భర్త ఇప్పుడు కిటికీ వైపు చూడటం లేదు. ఆయననే చూస్తున్నాడు, కళ్లతోనే దణ్ణం పెడుతున్నట్టు.

"అమ్మా, ముందు గదిలో ఒక ఫారం ఇస్తారు. కాస్త రాసి పట్టుకురండి."

"కదపరుగా?"

"కదపను."

ఆమె వెళ్లి తలుపు మూసుకోగానే భర్త బల్ల దగ్గరికి వచ్చాడు.

"పాప పోయిన వారానికి దుమ్ము తుడుద్దామని తీశానండీ. జారిపోయింది. ఎక్కడికక్కడ విచ్చుకుపోయింది. అంతకుముందు ఎలా ఉండేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తోచినట్టు నొక్కి మళ్లీ అక్కడే పెట్టేశాను. మా ఆవిడకి తెలియదు. తను దీన్ని చూసినప్పుడల్లా నేను మొహం తిప్పుకుని బతుకుతున్నాను." అతను చేతులు జోడించాడు. "ఏదో ఒకటి చెప్పండి సార్. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ముప్పై ఏళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చున్నాను బాబూ. లేనిది ఉందని ఒక్కసారి కూడా చెప్పలేదు."

అతను మళ్లీ కిటికీ దగ్గరికి జరిగాడు. తలుపు తెరుచుకుంది.

ఆమె ఇచ్చిన ఫారంలో అన్ని గళ్లూ ఖాళీగానే ఉన్నాయి. 'యజమాని' అన్నచోట మాత్రం పాప పేరు రాసి, పక్కన వయసు తొమ్మిది అని వేసింది. పెద్దాయన ఆ ఒక్క వరసా చాలాసేపు చదివాడు. భూతద్దం సొరుగులో పెట్టేశాడు.

"ఇది పక్షే అమ్మా," అన్నాడు. "కాకపోతే ఎగిరే పక్షి కాదు. చూడండి, రెక్క గుండెల మీద కప్పుకుంది, తల లోపలికి పెట్టుకుంది. గూట్లో నిద్రపోతున్న పక్షి. చేసిన కంపెనీవాళ్లకి మూడు రూపాలే తెలుసు. ఈ నాలుగోది మీ పాప కనిపెట్టింది."

భర్త గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమన్నాడు. ఆమె వెళ్లి అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"విన్నారుగా. నిద్రపోతోందట. లేవండి."

అతను చేతులు తీసి ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, బండి తీస్తానంటూ బయటికి నడిచాడు.

ఆమె బొమ్మను తువ్వాల్లో చుడుతుంటే పెద్దాయన చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"అమ్మా, ఇందాక నేను చెప్పిన దాంట్లో..."

"వద్దండీ, చెప్పకండి," అంది ఆమె నెమ్మదిగా. "ఆయన నా మొహంలోకి చూసి పదకొండు నెలలైంది. ఆ రోజు ఇది ఆయన చేతిలోంచి జారిపడినప్పుడు, నేను తలుపు దగ్గరే ఉన్నాను."