గున్నమ్మకు కుదిరిన కసరత్తుశాల

ఒక కొండవాలులో గున్నమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఒళ్లు బరువెక్కి చెట్టెక్కలేక తేనెకు మొహం వాచిపోయింది. అందుకని పేరుమోసిన చిరుతపులి కసరత్తుశాలలో చేరింది.

"ఈ బండ ఎత్తు! ఆయాసమొస్తే ఇంటికి పో!" అని చిరుత గదిమేది. తెల్లారుతోందంటే గున్నమ్మకు గుండెదడ.

చివరికి అక్కడ మానేసి, వాగు ఒడ్డున నీటికుక్క నడిపే చిన్న కసరత్తుశాలకు వెళ్లింది.

"నీకేం కావాలక్కా?" అని అడిగింది నీటికుక్క.

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "చెట్టెక్కాలి తల్లీ!"

"అయితే ఈ వాలుమొద్దుతో మొదలుపెడదాం."

జారిపడినప్పుడల్లా అక్కడ కసరత్తుకొచ్చిన జంతువులన్నిటితోపాటు గున్నమ్మా పడీపడీ నవ్వింది. రోజూ పిలవకుండానే పరుగెత్తుకొచ్చేది. వానలు పడేలోగా చిటారుకొమ్మకు పాకి, పట్టు దింపి అందరికీ తేనె పంచింది.

"అనుకున్నది అయిపోయిందిగా, ఇక రావా అక్కా?" నీటికుక్క బెంగగా అడిగింది.

"ఎందుకు రాను? రేపు మా చెల్లెల్ని కూడా లాక్కొస్తా!" అంది గున్నమ్మ మూతి నాక్కుంటూ.