ఒక్కణ్ణే వెళ్తా

“అది కాదు, నేను చెప్తాను రాసుకోండి” అంది తల్లి, కోఆర్డినేటర్ చేతిలోని కలం వైపు చూస్తూ. “బయటి ప్రపంచానికి అలవాటు పడటం. నలుగురితో కలవడం. కిందటేడూ అదే రాశారు.”

కోఆర్డినేటర్ రాయలేదు. దివ్యాంగులకు సాయం అందించే కేంద్రంలో ఆవిడ ఉద్యోగం. ఏడాదికోసారి ఒక్కొక్కరితో కూర్చుని, వచ్చే ఏడాది ఏం సాధించాలనుకుంటున్నారో వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. ఆవిడ కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని కొడుకు వైపు తిరిగింది.

“మీరు చెప్పండి. మీకేం కావాలి?”

‘మీరు’ అన్న మాట తల్లి చెవికి కొత్తగా తగిలింది. ముప్ఫై దాటినా వాణ్ణి ఇంటా బయటా అందరూ బుజ్జిగాడనే పిలుస్తారు. వాడికి ఆలోచన నెమ్మది, మాట ఇంకా నెమ్మది. ఎవరేం అడిగినా వాడు నోరు తెరిచేలోగా తల్లే జవాబు చెప్పేసేది. ఇద్దరికీ అలా అలవాటైపోయింది. ఇప్పుడూ చెప్పబోతుంటే, కాసేపు ఆగమన్నట్టు కోఆర్డినేటర్ చెయ్యెత్తింది.

“బస్సు” అన్నాడు బుజ్జిగాడు చివరికి.

“బస్సులో ఎక్కడికి?”

“లాండ్రీకి. పనికి. ఒక్కణ్ణే వెళ్తా.”

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో వాడు మడతలు పెడతాడు. వాడు మడిచిన దుప్పటి ఇస్త్రీ చేసినట్టుంటుందని అక్కడందరూ అంటారు. రోజూ బస్సులో పక్కన కూర్చుని తీసుకెళ్ళేది తల్లే. పనయ్యేదాకా బయట బల్ల మీద స్వెట్టర్లు అల్లుకుంటూ కూర్చునేది తనే. తిరిగి తీసుకొచ్చేదీ తనే. స్టాపు దాటిపోతే ఏం చేస్తాడు, ఎవరైనా కసురుకుంటే ఎవరితో చెప్పుకుంటాడు అని ఆమె గబగబా అడిగేసింది. ఇంత పెద్ద కోరిక వద్దు, చిన్నదేదైనా రాయమని బతిమాలింది.

కోఆర్డినేటర్ ఆ భయాలు వేటినీ కొట్టిపారెయ్యలేదు. వాడు ముందు నేర్చుకోవాల్సినవి అవేనంటూ అన్నీ రాసుకుంది. నలుగురితో కలవడమంటే ఏడాది చివర కలిశాడో లేదో ఎవరూ చెప్పలేరని, ఇదైతే కళ్ళకి కనిపిస్తుందని తల్లికి వివరించింది. మళ్ళీ వాడి వైపే తిరిగింది.

“మీరు సాధించారని మనకెలా తెలుస్తుంది?”

బుజ్జిగాడు తల్లి వైపు చూశాడు.

“అమ్మ ఇంట్లో టీ తాగుతూ ఉంటుంది” అన్నాడు.

కోఆర్డినేటర్ పొల్లుపోకుండా అదే రాసింది. తల్లికి నవ్వూ వచ్చింది, కంట్లో నీళ్ళూ తిరిగాయి.

తర్వాత కొన్ని వారాల పాటు కేంద్రం నుంచి వచ్చిన శిక్షకుడు వాడికి బస్సు నంబరు చూసుకోవడం, స్టాపు రాకముందే లేచి తలుపు దగ్గరికి చేరడం, దారి తెలియకపోతే పక్కవాళ్ళని అడగడం నేర్పాడు. వెనక సీట్లో కూర్చున్న తల్లి అల్లిక అంతా తప్పులే. చివరికి ఆ రోజు రానే వచ్చింది. నువ్వు రావద్దమ్మా అన్నాడు వాడు గుమ్మంలో నిలబడి. రానని ఆమె మాటిచ్చింది.

వాడు వీధి మలుపు తిరగ్గానే ఆమె పక్కింటావిణ్ణి అడిగి రెయిన్‌కోటు తెచ్చుకుంది. మబ్బుతునక లేని ఎండలో దాన్ని తొడుక్కుని, టోపీ కనుబొమల దాకా లాక్కుని, స్టాపులో జనం వెనక నక్కి, వెనక తలుపులోంచి బస్సెక్కి చివరి సీట్లో ఒదిగి కూర్చుంది. పక్కనున్న పెద్దాయన ఓసారి ఆకాశం వైపు, ఓసారి ఆమె వైపు చూసి ఊరుకున్నాడు.

కండక్టరు ముందు నుంచి టికెట్లు కొట్టుకుంటూ వచ్చి బుజ్జిగాడి దగ్గర ఆగాడు. వాడేదో చెప్తున్నాడు. ఎంతకీ అవ్వడం లేదు. మాట తడబడుతోందేమో, అవతలివాడికి విసుగొస్తుందేమో అని ఆమె సగం లేచింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి, సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని మళ్ళీ కూర్చుంది. కండక్టరు తలూపి ఇవతలికి కదిలాడు.

అంతలో బస్సు ఉన్నట్టుండి పక్క వీధిలోకి తిరిగింది. ఇది శిక్షకుడు నేర్పని దారి. బుజ్జిగాడు కిటికీలోంచి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. వాడు ముందు సీట్లో ఆవిడ వైపు వంగాడు.

“ఈ బస్సు లాండ్రీ దగ్గర ఆగుతుందాండీ?”

ప్రతి మాటా వెనక సీటు దాకా స్పష్టంగా వినబడింది. అసలు రోడ్డు తవ్వేశారని, చుట్టు తిరిగి అక్కడికే వెళ్తుందని ఆవిడ చెప్పింది. వాడు థాంక్సండీ అని, సంచీ ఒళ్ళో సర్దుకుని, రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

తల్లికి ఛాతీ ఉప్పొంగిపోయింది. వాడు మా అబ్బాయేనండీ అని పక్కనున్న పెద్దాయనకి చెప్పెయ్యాలనిపించింది. ఒంటిమీద రెయిన్‌కోటు చూసుకుని నోరు మూసుకుంది.

ఈలోగా కండక్టరు చివరి సీటు దాకా వచ్చాడు. ఆమె తలెత్తకుండానే పర్సు తెరిచింది.

“అక్కర్లేదమ్మా, ముందు కూర్చున్న ఆయన మీకూ టికెట్టు తీసుకున్నారు” అన్నాడు కండక్టరు. “తను పక్కన లేకుండా మీరు బస్సెక్కడం ఇదే మొదటిసారట కదా, స్టాపు రాగానే కాస్త జాగ్రత్తగా దింపమన్నారు.”