వృథా చేయని నిమిషాలు

ప్రతి నిమిషానికీ దేవుడికి జవాబు చెప్పాలని పాస్టరుగారు అన్నప్పటినుంచి నాకు గుండెల్లో గుబులే. అందుకే పాలు పొంగేలోగా ఒక ప్రార్థన, కుళాయి కింద బకెట్టు నిండేలోగా ఇంకొకటి చేసుకుంటున్నాను.

నా మీద అలిగి ఎన్నాళ్లుగానో మా గడప తొక్కని వదిన ఈ ఉదయం వచ్చి, నా మంచం మీదే కూర్చుంది. కళ్లజోడు తుడుచుకుంటూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఈ సమయం పోతే మళ్లీ రాదని, పైకి తల ఊపుతూ, లోపల ప్రభువును గట్టిగా పట్టుకున్నాను.

"మరి వస్తావా?" అంది వదిన.

ఎక్కడికో నేను వినలేదు. వినలేదంటే మళ్లీ అలుగుతుందని భయం.

"తీరిక చూసుకుని చెప్తాలే వదినా" అన్నాను.

"అయితే నీ తీరిక చూసుకునే ఆపరేషన్ పెట్టమని డాక్టరుకి చెప్పనా? నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని వచ్చా చూడు, నాదీ బుద్ధి తక్కువ" అని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆమె మాట్లాడినంతసేపూ నేను ప్రభువును అడిగింది ఒక్కటే. మా వదిన నోరు విప్పి నాతో ఒక్క మాట మాట్లాడేలా చెయ్యి తండ్రీ అని.