ఏటికో జానెడు

పక్కింటి స్థలం దొంగిలించడానికి సర్వేయరు ఏడేళ్లు తీసుకున్నాడు. తొందరపడితే దొరికిపోతామని ఆయనకు బాగా తెలుసు. ముప్పైరెండేళ్ల ఉద్యోగంలో హద్దురాళ్లు పీకినవాళ్లను, గోడలు జరిపినవాళ్లను ఎంతమందిని పట్టుకున్నాడో లెక్కలేదు. అందరూ ఆత్రంతోనే దొరికారు.

రిటైరైన ఏడాది ఆయన ఆ ఇల్లు కొన్నాడు. ఇల్లు బాగానే ఉంది కానీ వెనక పెరడు మరీ ఇరుకు. పక్కింటి పెరడు మాత్రం దర్జాగా పరుచుకుని ఉంది. రెండింటికీ మధ్య గోడ లేదు, నడుమెత్తు కంచె మొక్కల వరస ఒకటే. అది చూడగానే ఆయనకు నోరూరింది. గోడ జరపాలంటే మేస్త్రీ కావాలి, మొక్కలు జరపడానికి గునపం చాలు.

పక్కింట్లో ఉండేది టీచరమ్మ ఒక్కతే. బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. భర్త పోయి చాలాకాలమైంది. మనిషి చాలా మెతక.

ఏటా వానలకు ముందు, ఆవిడ బజారుకు వెళ్లిన సమయం చూసుకుని, సర్వేయరు కెటిల్‌తో మరిగే నీళ్లు తెచ్చి కంచె మొక్కల మొదళ్లలో పోసేవాడు. పది రోజులకల్లా వరసంతా ఎండిపోయేది. "ఏదో తెగులు సోకిందండీ టీచరమ్మగారూ, మీకెందుకు శ్రమ, కొత్తవి నేనే నాటిస్తా" అని పెద్దమనసు చాటుకుని, ఆ కొత్త వరసను జానెడు అవతలికి నాటేవాడు.

అలా కలిసొచ్చిన జానెడులో మొదటి ఏడాది బంతి మొక్కలు వెలిశాయి. మూడో ఏటికి గులాబీలు వచ్చాయి. ఐదో ఏటికి రాళ్లు పరిచిన బాట, ఏడో ఏటికి మల్లెపందిరి, దాని కిందో బెంచీ. చూడ్డానికి వచ్చిన స్నేహితులు "మీ చేతిలో ఏదో మహత్తు ఉందండీ" అనేవాళ్లు. ఆయన సిగ్గుపడేవాడు. చేతిలో ఉన్నది గునపమని మాత్రం చెప్పేవాడు కాదు.

భార్యకు మొదటినుంచీ గుండెదడే.

"ఆవిడ లెక్కల టీచరండీ. జానెడు జానెడు పోతుంటే తెలీదంటారా? ఈ వయసులో మిమ్మల్ని జైల్లో పెడితే నేను తలెక్కడ పెట్టుకోను?"

"ఆవిడవి కాగితం మీద లెక్కలు. నేల మీద లెక్క నాది."

"పోనీ, ఆఫీసుకెళ్లి మ్యాపైనా చూసుకున్నారా?"

సర్వేయరు ఆమెకేసి జాలిగా చూశాడు. "మ్యాపు అడిగితే రిజిస్టర్లో సంతకం పెట్టాలే. రేపు గొడవైతే, ముందే మ్యాపెందుకు చూశావని ఆ సంతకాన్నే పట్టుకుంటారు. నేను పట్టుకున్నవాళ్లలో సగంమంది అలా దొరికినవాళ్లే."

ఇంత తెలివి తన ఒక్కడికే ఎలా వచ్చిందా అని అప్పుడప్పుడు ఆయనకే ఆశ్చర్యం వేసేది.

టీచరమ్మ సంగతి చూస్తే నవ్వొచ్చేది. "మీ గులాబీలు దాహంతో ఉన్నట్టున్నాయి అన్నయ్యగారూ" అని తన నీళ్లగొట్టం ఇటువైపు తిప్పేది. పందిరికి గుంజలు తక్కువైతే తన పెరట్లోవి ఇచ్చింది. "ఒట్టి పిచ్చిమాలోకం" అని సర్వేయరు భార్యతో చెప్పి కడుపుబ్బ నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున్న ఇన్‌స్పెక్టరొకడు టేపూ ఫైలూ పట్టుకుని తిన్నగా పెరట్లోకి వచ్చాడు. పందిరి దగ్గర ఆగి కొలవడం మొదలుపెట్టాడు. సర్వేయరుకు విషయం అర్థమైపోయింది. టీచరమ్మ ఫిర్యాదు చేసిందన్నమాట. తోట పోతుంది, పరువు పోతుంది, ఆపైన జైలు. వచ్చినవాడు ఏ ఆఫీసు నుంచి వచ్చాడో అడగాలని కూడా ఆయనకు తోచలేదు.

"ఈ పందిరీ బాటా ఉన్న స్థలం ఎవరి చేతిలో ఉందండీ?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"నా చేతిలోనే. ఇల్లు కొన్న రోజునుంచీ నాదే. ప్రతి మొక్కా నా చేత్తో నాటుకున్నాను. ముప్పైరెండేళ్లు సర్వేయరుగా చేసినవాణ్ణి, హద్దులు నాకు తెలియవా?"

"పక్కింటావిడకేమైనా సంబంధం ఉందా?"

"చీమ తలకాయంత కూడా లేదు" అని, సర్వేయరు లోపలికి పరుగెత్తి తోట ఫొటోల ఆల్బం తెచ్చి చూపించాడు.

ఇంతలో టీచరమ్మ కంచె దగ్గరికి వచ్చింది. ఆయన ఆల్బం టక్కున మూసేశాడు.

"అన్నయ్యగారు చెప్పింది నిజమేనండీ. ఆ చోటు వారిదే. కావాలంటే సాక్షి సంతకం పెడతాను" అంది ఆవిడ నెమ్మదిగా.

సర్వేయరుకు ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. ఇన్‌స్పెక్టరు వాంగ్మూలం రాశాడు. కింద సర్వేయరు మెలికలు తిప్పి మరీ సంతకం చేశాడు. పక్కన టీచరమ్మ పొందిగ్గా తన సంతకం పెట్టింది.

ఇన్‌స్పెక్టరు ఆ కాగితం ఫైల్లో భద్రంగా పెట్టుకుని, పాత మ్యాపొకటి తీసి బెంచీ మీద పరిచాడు.

"థాంక్సండీ. మాది నీళ్ల ఆఫీసు. ఊరికి నీళ్లు తీసుకెళ్లే పెద్దగొట్టం ఈ కిందనుంచే పోతుంది. మీ రెండిళ్ల మధ్యా ఐదడుగులు సర్కారు స్థలం. ఎవరు కలిపేసుకున్నారో తేలక ఇన్నాళ్లూ ఫైలు మూలపడి ఉంది. రేపు ఇదంతా తవ్వేస్తాం. కేసు మీ పేరనే పెట్టాలి. సర్వేయరుగా చేసినవాళ్లు కదా, జడ్జిగారు జైలు లేకుండా వదలకపోవచ్చు."

అని, కూలీలకు చెప్పడానికి బయటికి వెళ్లాడు. సర్వేయరు మ్యాపు మీదికి వంగి చూశాడు. గీతలు చదవడం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. తలెత్తి, కంచె అవతల నిలబడ్డ టీచరమ్మకేసి చూశాడు.

"మావారు ఆ ఐదడుగులూ మా పెరట్లో కలిపేసిన రోజునుంచీ నాకు కంటిమీద కునుకు లేదు అన్నయ్యగారూ" అందావిడ, "మీరు కంచె జరపడం మొదలుపెట్టిన రోజునే హాయిగా నిద్రపోయాను."